జంట ఆకు

పెట్టె గడప మీద ఉంది. ఇంట్లోకీ కాదు, వీధిలోకీ కాదు, సరిగ్గా గడప మీద.

"దాన్ని తియ్. దారికడ్డం," అన్నాడు వ్యాను తోలే తమ్ముడు.

"తీస్తా. రేపు నాలుగు గంటలకు తీస్తా," అంది అతని భార్య. "అందాకా దాటుకుంటూ తిరగండి అందరూ. బావగారికైతే కష్టమే ఉండదు. తలుపు దగ్గర నిలబడటం ఆయనకు కొత్తేం కాదుగా."

బావగారు తల ఎత్తలేదు. చేతిలో టీ గ్లాసు ఉంది. తాగడం లేదు, పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన పని పుస్తకాల బైండింగు. కానీ ఊళ్ళో బైండరంటే ఎవరికీ తెలీదు, తలుపాయనంటే చెబుతారు. మూసిన తలుపుల వెనక సభలు పెట్టుకునే మగవాళ్ళ సంఘం సోదర సమాజం. దాని హాలుకు ఆయన బయటి కాపలా. ప్రతి ఆదివారం మూడు గంటలకు లోపల సభ మొదలవుతుంది. మెడలో నీలం పట్టీ, చేతిలో కర్ర, ఎదురుగా మూసిన తలుపు. ఇలా పంతొమ్మిదేళ్ళు. ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క సభ కూడా ఆయన లోపల కూర్చుని చూడలేదు. పేరుకు అందరికీ సోదరుడే. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం బయటివాడు.

పక్క గదిలోంచి టంగుమని చప్పుడు. అన్నదమ్ముల తల్లి, ముసలావిడ, చెంచాతో మంచం కోడును కొడుతోంది. నిన్ననే ఆస్పత్రి నుంచి తెచ్చారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఎడం చేతికి చెంచా ఇచ్చారు, ఏదైనా కావాలంటే కొట్టమని.

చిన్న కోడలే పెట్టె దగ్గర్నుంచి వెళ్ళింది. పక్క సర్ది, నోరు తుడిచి వచ్చింది. వచ్చి మళ్ళీ పెట్టె పక్కనే నిలబడింది.

"గంట ముందు తెచ్చుంటే మాటైనా దక్కేదన్నాడు డాక్టరు," అన్నాడు తమ్ముడు. ఈ మాట అతను వారం రోజుల్లో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. "వ్యాను ఇంటి ముందే ఉంది. బయట బళ్ళ బందు. తాళం నా జేబులో ఉంది. నేను హాల్లో ఉన్నాను. మూడు సందులు దాటితే హాలు. నువ్వేమో అమ్మను తోపుడు బండి మీద వేసి తోయించావు. ఎందుకు? నా దగ్గరికెందుకు రాలేదు?"

"వచ్చాను."

"మళ్ళీ అదే పాట!"

"పాట కాదు. నువ్వు వినేదాకా చెబుతా. మూడూ పదికి హాలు మెట్లెక్కాను. బావగారు కర్ర అడ్డం పెట్టారు. అత్తయ్య పడిపోయింది, మూతి వంకర పోయింది, తాళం ఇప్పించండి అన్నాను. 'కాసేపు ఆగు' అన్నారు. ఆగాను. 'ఇంకాసేపు' అన్నారు. నలభై నిమిషాలు ఆ మెట్ల మీద కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తలుపు బాదుదామని చెయ్యెత్తితే చెయ్యి పట్టుకున్నారు."

"అన్నయ్యా!"

తలుపాయన గ్లాసులోకి చూస్తున్నాడు.

"ఆస్పత్రిలో నిన్నడిగాను. నా దగ్గరికెవరూ రాలేదురా అన్నావు. ఇప్పుడు ఇది నీ మొహం మీదే చెబుతోంది. నువ్వొక్క మాట చెప్పు, అయిపోతుంది."

"చెప్పాను కదరా," అన్నాడు తలుపాయన.

"విన్నావా?"

"విన్నాను," అంది చిన్న కోడలు. "గ్లాసుకు చెప్పినట్టున్నారు. నా వైపు చూసి చెప్పమను."

వంటగదిలోంచి పెద్ద కోడలు గరిటెతోనే వచ్చింది. తలుపాయన భార్య. ఇంట్లో మొగుడిని తిట్టే హక్కు తనకొక్కదానికే ఉందని ఆవిడ నమ్మకం. "అమ్మాయ్, నోరు అదుపులో పెట్టుకో. సభ జరిగేటప్పుడు తలుపు తీయకూడదు. అది వాళ్ళ రూలు. నువ్వొచ్చినా ఆయన తీయగూడదు. రాకపోతే ఇక గొడవే లేదు."

"అక్కా, వచ్చానో లేదో ముందు తేలనీ. రూలు సంగతి తర్వాత. తీయగూడదు కాబట్టి తీయలేదని ఆయన అనొచ్చుగా? నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. రానేలేదంటారేంటి? నన్ను అబద్ధాలకోరును చేస్తారేంటి? ఈ ఇంట్లో అందరూ నన్ను అత్తను చంపబోయినదానిలా చూస్తుంటే ఈయన టీ తాగుతారేంటి?"

మాట్లాడవలసినవాడు ఒక్కడే. వాడు సున్నం కొట్టిన గోడలా కూర్చున్నాడు.

"ఇంకో సంగతి," అందామె. "నేను నిలబడి ఉండగానే బావగారు నల్ల అట్ట పుస్తకం తీసి ఏదో రాశారు. గడియారం చూసి మరీ రాశారు. నా గురించి రాశారో, వాన గురించి రాశారో మీకే తెలియాలి."

తమ్ముడు ఠక్కున తిరిగాడు. "తలుపు పుస్తకం!"

అతను సమాజంలో చేరి ఏడు నెలలు. అన్నయ్యే పూచీ పడి చేర్చాడు. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా, ఏ వేళకు వచ్చినా, బయటి కాపలా అందులో రాయాలి. ఆదివారానికొక పేజీ. తర్వాతి సభలో మూసిన తలుపు బయటే నిలబడి, లోపలివాళ్ళకు వినబడేలా దాన్ని పైకి చదవాలి. అది ఆ పదవిలో ఉన్నవాడి పని. తప్పించుకునే వీల్లేదు.

"రేపు చదువుతావుగా అన్నయ్యా?"

"చదవాలి," అన్నాడు తలుపాయన.

"అయితే రేపే తేలిపోతుంది." భార్య వైపు వేలు చూపించాడు. "అందులో నువ్వొచ్చినట్టుంటే అందరిముందూ నీ కాళ్ళు పట్టుకుంటా. లేకపోతే నీ పెట్టె నువ్వు తీసుకుపో. మీ అన్నయ్యింటికే పో."

"పోతా. నాలుగు గంటల బస్సు హాలు ఎదురుగానే ఆగుతుంది. అక్కడే నిలబడతా. పుస్తకం చదవగానే నువ్వు బయటికొస్తే పెట్టె వెనక్కి మోసుకొస్తావు. రాకపోతే ఎక్కుతా. ఎక్కాక మళ్ళీ పిలవడానికి రాకు. నీ మాట నువ్వు చెప్పావు. నా మాట ఇది."

గదిలో చెంచా మళ్ళీ మోగింది. ఈసారి తలుపాయన లేచాడు. తల్లి మంచం దాకా వెళ్ళాడు.

ఆవిడ ఆయన్ని చూసి కళ్ళు మూసుకుంది.

* * *

మధ్యాహ్నం ప్రెస్సులో బైండింగు గది ఖాళీగా ఉంది. కటింగు మిషను ఆగింది. బంక గిన్నె మీద మీగడలా తెట్టు కట్టింది. తలుపాయన కుట్టు బల్ల ముందు కూర్చుని కుట్టడం లేదు.

సమాజం కార్యదర్శి చంకలో గొడుగుతో వచ్చాడు. గొడుగుల కొట్టు యజమాని. ఎండలోనైనా వానలోనైనా గొడుగు తెరవడు, చంకలోనే ఉంటుంది. అమ్మేవాడికి తడిసే అలవాటు ఉండాలంటాడు.

"సోదరా," అన్నాడు.

ఈ 'సోదరా' అనే మాట ఉందే, అది వాళ్ళ నోట్లో పోక చెక్క. ఎవరి మీద ఉమ్మాలన్నా ముందు దాన్నే నములుతారు.

"రేపటి సంగతి. లోపలి కాపలా ముసలాయన మానుకుంటున్నాడు. ఆ పదవి నీకే. పంతొమ్మిదేళ్ళకు నీకు లోపల కుర్చీ. సంతోషమేనా?"

తలుపాయన సూది బల్ల మీద పెట్టాడు. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట ఇది! ఇప్పుడు చెవికి తగిలిందే గానీ లోపలికి దిగలేదు.

"లోపలి కాపలా పని తెలుసుగా. అధ్యక్షుడు సుత్తి కొట్టి సరేననేదాకా లోపలివాణ్ణి ఎవరినీ బయటికి పోనివ్వకూడదు. అంతే. నీకు నేర్పాలా?" కార్యదర్శి బల్ల అంచున ఆనుకున్నాడు. "పోతే, కిందటి ఆదివారం పేజీ."

"ఏ పేజీ?"

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు నువ్వే తడుముకుంటున్నావు. ఆ పేజీయే. నేను చూశాను. సభయ్యాక నువ్వు పట్టీ విప్పుతుంటే తెరిచి చూశాను. ఎందుకు రాశావయ్యా అంత వివరంగా?"

"జరిగింది రాయమనే కదా పుస్తకం."

"వచ్చిన కుక్కనల్లా రాస్తావా? రేపది పైకి చదివితే ఏమవుతుందో ఆలోచించావా? యజమానిగారు చేరిన రోజది. ఆయన చేరిన సభలో ఒక సోదరుడి తల్లి ప్రాణం మీదకొస్తే తలుపు తీయలేదని ఊరంతా అనుకుంటారు."

యజమానిగారంటే ఈ ప్రెస్సు యజమాని. తలుపాయనకు జీతమిచ్చే మనిషి. ఆయన తండ్రి హయాంలో తలుపాయన తల్లి ఇదే గదిలో ముప్ఫై ఏళ్ళు ఫారాలు మడిచింది.

"తలుపు తట్టొద్దని మీరే కదండీ చెప్పింది," అన్నాడు తలుపాయన. "ప్రమాణం మధ్యలో ఆగితే పరువు పోతుంది, ఆకాశం విరిగి మీద పడ్డా తట్టకు అన్నారు."

"అన్నాను. కాగితం మీద రాసిచ్చానా?"

తలుపాయన దారం కొస వేలికి చుట్టుకున్నాడు.

"లేదు కదా. మరి నీ పుస్తకం మొదటి పేజీలో నీ విధులు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. నాలుగోది చదువుకో. పేజీ చదివితే సమాజం అడిగేది నన్ను కాదు, నిన్ను. నాలుగో విధి ఏమైందయ్యా అంటుంది. పట్టీ ఊడబీకుతారు. రేపటి కుర్చీ సంగతి వదిలెయ్, ఈ బల్ల ముందు స్టూలైనా ఉంటుందో ఉండదో." గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. "నువ్వు బైండరువి. ఆకు తీసి ఆకు పెట్టడం నీకు చిటికెలో పని. తీసిందెవరికీ తెలియగూడదు."

"ఆకు ఒక్కటీ రాదండీ."

"అంటే?"

తలుపాయన ఒక తెల్ల కాగితం తీసి మధ్యకు మడిచాడు. "ఇదిగో. ఒక కాగితం, రెండు ఆకులు. ఇట్లాంటివి ఎనిమిది ఒకదాంట్లో ఒకటి పెట్టి నడుం మీద కుడితే ఒక ఫారం. పదహారు ఆకులు. చివరాకు లాగితే దాని జంట మొదటాకు కూడా ఊడొస్తుంది. రెండూ ఒకటే కాగితం కదా. కిందటి ఆదివారంది ఈ ఫారంలో చివరాకు."

"మొదటాకులో ఏముంది?"

"మా తమ్ముడు చేరిన రోజు. వాడి సంతకం. వేలిముద్ర."

కొత్త సోదరుడు మొదటిసారి గడప దాటేముందు తలుపు పుస్తకంలో సంతకం చేసి, పక్కన నీలం సిరాతో బొటనవేలు ఒత్తుతాడు. వాళ్ళ ఆచారం.

కార్యదర్శి కాసేపు ఆలోచించాడు. ఎక్కువసేపు కాదు.

"పాత పేజీలు ఎవడు చూస్తాడయ్యా," అన్నాడు.

* * *

పుస్తకం కాపలా వాడి దగ్గరే ఉండాలి. కాబట్టి తలుపాయన దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, ఎవరూ ఏమీ అడగడానికి లేదు. తమ్ముడు వ్యాను వేసుకుని కిరాయికి పోయాడు. చిన్న కోడలు సబ్బుల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. పెట్టె గడప మీదే ఉంది. తలుపాయన దాన్ని దాటి లోపలికి వచ్చాడు.

పెద్ద కోడలు నేల మీద కూర్చుని ఫారాలు మడుస్తోంది. ఇంటికి తెచ్చుకునే పని. వందకింతని ఇస్తారు. అత్త దగ్గర నేర్చుకున్న పని. గోడకానుకుని మంచం మీద ఆ అత్త, తెరిచిన కళ్ళతో కోడలి చేతులనే చూస్తోంది.

"పుస్తకం తెచ్చారే?"

"కుట్టు వదులైంది. బిగించాలి."

ఆవిడ చేతులు ఆగాయి. పంతొమ్మిదేళ్ళుగా ఆ నల్ల అట్టను ఆదివారాల్లో ఆయన చంకన చూస్తూనే ఉంది గానీ ఎప్పుడూ ముట్టుకోలేదు. మగవాళ్ళ పుస్తకమని ముట్టుకోనివ్వలేదు. ఇవాళ చెయ్యి చాపి తీసుకుంది. మొగుడు వద్దనేలోపే మొదటి పేజీ తెరిచింది. అదీ ఆయన రాసిందే, గుండ్రటి అక్షరాలతో, గీత గీసి.

చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, పైకి.

"నాలుగో విధి. సభలోనున్న సోదరుని ఇంట ప్రాణాపాయమని ఎవరు వచ్చి చెప్పినను, ద్వారపాలకుడు క్షణమైనను జాగు చేయక ఐదు మార్లు తలుపు తట్టవలెను. సభ ఏ ఘట్టములోనున్నను ఆగవలెను."

ఒక్కసారి చదివింది. మళ్ళీ చదివింది. రెండోసారి గొంతు మారింది.

"తీయకూడదనేది రూలన్నారు."

ఆయన దారపు ఉండ తీసి ముందు పెట్టుకున్నాడు.

"పొద్దున్న ఆ పిల్ల మీద గరిటె పట్టుకుని వచ్చాను నేను. రూలు రూలని అరిచాను. తట్టాలనే కదా ఇందులో ఉంది? తట్టి తీరాలనే కదా?"

"కార్యదర్శి వద్దన్నాడు. యజమానిగారు చేరుతున్నారు. లోపల ఆయన కళ్ళకు గంతలు కట్టి ప్రమాణం చేయిస్తున్నారు. మధ్యలో..."

"అంటే వచ్చింది."

తప్పించుకోవడానికి దారి లేదు. "వచ్చింది."

పెద్ద కోడలు పుటలు తిప్పి చివరి పేజీ వెతుక్కుంది. అక్కడా అదే గుండ్రటి రాత. మూడు గంటల పది నిమిషములు. సోదరుని భార్య వచ్చినది. తల్లికి ప్రాణాపాయమని చెప్పి వ్యాను తాళం అడిగినది. తలుపు తట్టలేదు. మూడు గంటల యాభై నిమిషములకు వెళ్ళిపోయినది.

"ఎవరి తల్లి?" అంది. "సోదరుడి తల్లా? మీ తల్లి కాదూ? 'మా అమ్మ' అని రాయడానికి చెయ్యి రాలేదా మీకు?"

"గట్టిగా అరవకు. అమ్మ వింటుంది."

"విననీండి! ఆవిడకు పోయింది మాట. చెవులు కాదు."

ఇద్దరూ ఒకేసారి మంచం వైపు చూశారు. ముసలావిడ చూపు పైకప్పు మీద ఉంది. చెంచా పిడికిట్లో బిగిసి ఉంది. కొట్టలేదు.

పదవి దొరికిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళ కిందట, తలుపాయన ఆ మంచం కోడు మీదే తట్టడం నేర్చుకున్నాడు. మామూలుగా మూడు, ప్రాణాపాయానికి ఐదు. వేలి కణుపులు వాచేదాకా తట్టేవాడు. "మంచానికి చెదలు పట్టిందనుకున్నా, నువ్వా?" అని నవ్వేది తల్లి. ఐదు తట్టే అవసరం పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి వచ్చింది. అప్పుడు కణుపులు జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద కోడలు పుస్తకం ఆయన ఒళ్ళో పడేసింది. "సరే. కుట్టు బిగిస్తానన్నారుగా. బిగించండి. నేనూ చూస్తా."

ఆయన ఆవిడకు వీపు పెట్టి కూర్చున్నాడు. సన్న కత్తితో నడుం మీది దారం తెంపాడు. ఫారం విడింది. పై కాగితం, మొదటాకు చివరాకుతో కలిసి, చేతిలోకి వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. చింపలేదు. ఎందుకు చింపలేదో తనకే తెలీదు.

ప్రెస్సు నుంచి అదే రకం కాగితం తెచ్చుకున్నాడు. పాత రాతంతా దింపాడు. తమ్ముడి సంతకం సునాయాసంగా వచ్చింది. పలక మీద వాడి చెయ్యి పట్టి దిద్దించింది ఆయనే కదా. చివరాకులో కిందటి ఆదివారం దగ్గర ఒక్క వాక్యం రాశాడు.

వేలిముద్ర మిగిలింది.

సిరా దిమ్మ తెచ్చాడు. కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన బొటనవేలు ముంచి తమ్ముడి సంతకం పక్కన ఒత్తాడు.

"జంటాకు కూడా ఊడిందా?" అని వెనకనుంచి పెద్ద కోడలు అడిగింది.

"ఊడుతుంది కదా."

"ఊడుతుంది," అంది ఆవిడ. మడతపెట్టిన ఫారం మీద మడత చెక్కతో గట్టిగా ఒక్క గీటు గీసింది. "నా నోటితో మీ మీద ఒక్క ముక్క చెప్పను. మొగుడు కదా, సిగ్గు సగం నాది. కానీ మీకు కుట్టు నేర్పింది ఆ మంచం మీదున్నావిడ. నాకు మడత నేర్పిందీ ఆవిడే. అది గుర్తుంచుకోండి."

ఆ మాటకు అర్థం ఏంటని ఆయన అడగలేదు. అడిగుంటే బాగుండేది.

* * *

ఆదివారం రెండున్నరకు తమ్ముడు ముందు బయల్దేరాడు. వదిన ఇస్త్రీ రుమాలు పట్టుకుని గడప దాకా వచ్చింది. రుమాలు అతని జేబులో పెడుతూ నాలుగు మాటలు చెప్పింది. తలుపాయన పట్టీ సర్దుకుంటున్నాడు, వినలేదు. తమ్ముడు వదినను వింతగా చూసి వెళ్ళిపోయాడు.

గడప మీద పెట్టె లేదు. దాని కింద నలిగిన దుమ్ము నలుచదరంగా ఉంది.

హాలు ఎదురుగా బస్సులాగేచోట ఆ పెట్టె మీదే కూర్చుని ఉంది చిన్న కోడలు. తలుపాయన తల వంచుకుని పోబోయాడు.

"బావగారూ! ఇవాళ లోపలికటగా? వెళ్ళండి, వెళ్ళండి. బయట నిలబడటానికి నేనున్నానుగా."

తలుపు ముందు కర్రతో ఒక కొత్త మనిషి. తలుపాయన గడప దాటాడు. వెనక గడియ పడింది. ఇకనుంచి ఆ గడియ ఆయన చేతి కింద.

చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా ఏముందో, ఏముందో అనుకున్న లోపలిని చూశాడు. చెమ్మ దిగిన గోడ. కీచుమనే ఫ్యాను. చిరిగిన తివాచీ. నలభై కుర్చీలు, సగం కుంటివి. దీనికా కాపలా? దొంగైనా పట్టుకుపోడానికి ఏముందిక్కడ? లోపల ఏదో ఉందని బయటివాడికి అనిపించడానికే ఆ తలుపు. తలుపు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

కాదు, ఒకటుంది. ముందు వరసలో మెత్త కుర్చీ. అందులో ప్రెస్సు యజమాని. చేరి ఇంకా ఎనిమిది రోజులు కూడా నిండలేదు.

సభ మొదలైంది. ప్రార్థన, హాజరు, తలుపాయనకు కొత్త పదవి, చప్పట్లు. లోపలి కాపలా విధులు కార్యదర్శి చదివాడు. తలుపాయన చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. చొక్కా జేబులో మడత కాగితం గుచ్చుకుంది. ఆ సరికి మూడూ నలభై అయిదు.

"ఇప్పుడు బయటి కాపలాగా మన సోదరుడు చివరిసారిగా తలుపు పుస్తకం చదువుతాడు," అన్నాడు కార్యదర్శి.

మూడో వరసలో తమ్ముడు ముందుకు వంగాడు.

తలుపాయన తెరిచాడు. ఉన్నది ఒక్క వాక్యం. దానికి కూడా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"కిందటి ఆదివారము. తలుపు దగ్గరకు ఎవరును రాలేదు."

యజమాని కాలు మీద కాలు వేసుకున్నాడు. కార్యదర్శి గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు. "సోదరులకు అభ్యంతరం ఏమైనా ఉందా?" ప్రతివారం అడిగే ప్రశ్నే. ఎవరూ ఎప్పుడూ లేవరు.

తమ్ముడు లేచాడు.

"ఉంది."

ఫ్యాను కీచుమంది.

"ఆ పేజీ మీద కాదు. నేను చేరిన రోజు పేజీ చూడాలి."

"ఇప్పుడెందుకు సోదరా? సభయ్యాక..."

"అందులో నా వేలుంది. అడిగిన సోదరుడికి పుస్తకం చూపించాలనేగా మీ రూలు? నన్ను చేర్చుకున్నప్పుడు మీరే చెప్పారు." తివాచీ దాటి వచ్చి చెయ్యి చాపాడు. "ఇవ్వన్నయ్యా."

ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. అరవలేదు. తలుపాయన ఇవ్వలేదు. తమ్ముడే మెల్లగా వేళ్ళు విడదీసి తీసుకున్నాడు, నిద్రపోయిన పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినట్టు.

ఏడు నెలల వెనక్కి తిప్పాడు. ఆ ఆకు తెల్లగా ఉంది. చుట్టూ ఉన్నవి అంచులు మాసి ఉన్నాయి. అతను రాతను చూడలేదు, సంతకాన్ని చూడలేదు. నీలం వేలిముద్రను చూశాడు. దాని నడుమ అడ్డంగా ఒక తెల్లటి గీత, కోసినట్టు.

బైండరు బొటనవేలికి చిన్నప్పటి కత్తి గాటు. ప్రెస్సులో అడుగుపెట్టిన మొదటి నెలలో తెగింది. ఆ రోజు గుడ్డపీలిక కట్టింది తల్లి. ఆ వేలు పట్టుకుని బడికి నడిచింది తమ్ముడు. ఆ గాటు అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"వదిన నీ పేజీ చూసుకోరా అంది," అన్నాడు. "చివరి పేజీ కాదు, నీ పేజీ చూసుకో అంది. ఎందుకో అర్థం కాలేదు." పుస్తకం మూశాడు. "నా వేలికి గాటు లేదన్నయ్యా."

అధ్యక్షుడి సుత్తి బల్ల మీద పడింది. "కూర్చో సోదరా!"

"కూర్చోరా," అన్నాడు తలుపాయన. "తర్వాత... ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఎవరున్నారని? నాలుగు కావస్తోంది."

అతను పుస్తకం యజమాని మెత్త కుర్చీ చేతి మీద పెట్టాడు. తిన్నగా తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపుకూ అతనికీ మధ్య కొత్త లోపలి కాపలా.

"గడియ తియ్యి."

సుత్తి మళ్ళీ పడింది. "సభ ముగియలేదు. ఎవరూ కదలకూడదు."

"తీయకూడదు సోదరా," అన్నాడు కార్యదర్శి వెనకనుంచి, తియ్యగా. "ఇప్పుడే కదా ప్రమాణం చేశావు. నీ మొదటి విధి ఇది."

వీధి మలుపులో హారను మోగింది. ఆ తర్వాత బ్రేకులు. నాలుగు గంటల బస్సు ఒక్కో రోజు వేళకు వస్తుంది.

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. వారం నుంచీ అడగని ప్రశ్న ఇప్పుడు అడిగాడు.

"ఆ రోజు తను ఎంతసేపు నిలబడింది?"

సుత్తి. మళ్ళీ సుత్తి. ఎవరో "కూర్చోబెట్టండి" అంటున్నారు. యజమాని గొంతు సవరించుకున్నాడు, తన బైండరుకు వినబడేలా.

"నలభై నిమిషాలు," అన్నాడు తలుపాయన.

నలభైమంది విన్నారు. ఆయన చెయ్యి గడియ మీద ఉంది. బయట పెట్టెను బస్సు టాపు మీదకు అందుకుంటున్న చప్పుడు.